వాచ్‌లో పచ్చరంగు, కాళ్లలో సీసం

పేరు రాయొద్దని కోరిన ఒక అథ్లెట్ పంపిన పెద్ద ఉత్తరం సారాంశం ఇది. వయసు 22. ఈవెంట్ 1500 మీటర్లు. 26 రోజుల కిందట ఫ్లూ జ్వరం మొదలై, అయిదు రోజుల పాటు 39 డిగ్రీల పైనే ఉంది. వారమంతా మంచం మీదే గడిచింది. 14వ రోజున మెల్లగా జాగింగ్ మొదలుపెట్టారు. 19వ రోజు పొద్దున చేతి వాచ్ రికవరీ స్కోరు 84 చూపించింది, పచ్చరంగులో. వాచ్ లెక్కలన్నీ కోచ్ ఫోనుకు కూడా వెళ్తాయి. ఆయన చూసి "అంతా బాగానే ఉందిగా, 400లు ఆరు కొట్టు" అన్నారు, అంటే 400 మీటర్ల వేగపు పరుగు ఆరుసార్లు. కొట్టారు. రెండు రోజుల తర్వాత మెట్లెక్కడమే కష్టమైంది. 11 గంటలు నిద్రపోయినా అలసట తీరలేదు. అప్పటి నుంచి తేలికపాటి జాగింగ్‌కే హార్ట్‌రేట్ 176 చూపిస్తోంది. జ్వరానికి ముందు అదే వేగానికి 148 ఉండేది. విచిత్రంగా, 400లు కొట్టినప్పుడు మాత్రం 165 దాటలేదు. రాత్రి నిద్రలో 51 ఉండే హార్ట్‌రేట్ 57 అయింది. సెలెక్షన్ ట్రయల్స్ ఇంకో అయిదు వారాల్లో ఉన్నాయి. అమ్మగారు ఆ వాచ్ తీసి అవతల పడెయ్యమంటున్నారు. వాచ్ బాగుందంటుంటే భయమెందుకని కోచ్ అంటున్నారు. ఈ అథ్లెట్ మాత్రం రోజుకు ముప్పై నలభై సార్లు వాచ్ చూసుకుంటున్నారు. "వాచ్ మాట వినాలా, ఒంటి మాట వినాలా?" అన్నది ప్రశ్న. ఉత్తరం చివర్లో, నిద్ర గురించి రాస్తూ మధ్యలో ఇంకో మాట అన్నారు: అయిదో 400లో ఛాతీ పట్టేసినట్టయి, గుండె రెండు మూడు క్షణాలు తడబడిందట.

జవాబు:

మీరు రాసిన అంకెలన్నీ ఒక ఎత్తు, చివర్లో రాసిన ఆ ఒక్క వాక్యం ఒక ఎత్తు. మీరు దాన్ని చిన్న విషయంలా దాటేశారు గానీ, మొత్తం ఉత్తరంలో ముందు తేల్చుకోవలసింది అదే. అది తేలేదాకా పరుగు ఆపండి. నెమ్మదిగా నడవండి, చాలు. ట్రయల్స్ గురించి, హార్ట్‌రేట్ గురించి, రికవరీ స్కోరు గురించి నేను చెప్పబోయేదంతా డాక్టరు చూసి "గుండెకు ఏమీ లేదు" అన్న తర్వాతే పనికొస్తుంది.

కారణం చెబుతాను. ఫ్లూ లాంటి వైరస్ జ్వరాల్లో అరుదుగా గుండె కండరానికి వాపు వస్తుంది. దాన్నే మయోకార్డైటిస్ అంటారు. ఆ వాపు ఉండగా గట్టిగా పరిగెత్తితే గుండె లయ ప్రమాదకరంగా తప్పే అవకాశముంది. మీకు అదే వచ్చిందని నేను అనడం లేదు. వైరస్ తగ్గిన తర్వాత కొన్ని వారాల పాటు శ్వాసనాళాలు చిరాకుగా ఉంటాయి, వేగంగా పరిగెత్తినప్పుడు బిగుసుకుంటాయి, అప్పుడు కూడా ఛాతీ పట్టేసినట్టే ఉంటుంది. ఈ రెండింటిలో ఏదన్నది మీరు గానీ నేను గానీ మీ కోచ్ గానీ ఊహించి చెప్పలేం. గుండె విద్యుత్తును 12 కోణాల నుంచి చూసే 12 లీడ్ల ఈసీజీ, గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ పరీక్ష, గుండెకు చేసే స్కానింగ్ ఎకో, ఈ మూడింటితో డాక్టర్లు మొదలుపెడతారు. వాటిలో అనుమానం మిగిలితే గుండెకు ఎంఆర్‌ఐ తీస్తారు. చిన్న జాగ్రత్త ఒకటి: గట్టి పరుగు దానంతటదే ట్రోపోనిన్‌ను తాత్కాలికంగా పెంచుతుంది. పరీక్షకు ముందు రెండు రోజులు కఠినమైన వ్యాయామం ఏదీ చేయకండి, లేకపోతే ఫలితం అయోమయంగా వస్తుంది.

వాచ్‌లో కూడా ఈసీజీ ఉందిగా అని మీకు అనిపించవచ్చు. అది ఒకే లీడ్, 30 సెకన్లు. ముఖ్యంగా ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే ఒక రకం లయ తప్పడాన్ని పట్టుకోవడానికి చేసిన ఏర్పాటు. గుండె కండరంలో వాపు ఉందా లేదా అన్నది దానికి తెలియదు. "సాధారణం" అని వచ్చినంత మాత్రాన ధైర్యం తెచ్చుకోవద్దు. పరీక్షల్లో మయోకార్డైటిస్ అని తేలితే మామూలుగా 3 నుంచి 6 నెలల దాకా కఠిన వ్యాయామం ఆపిస్తారు. ఆ తర్వాత ఎక్సర్‌సైజ్ టెస్టు, 24 గంటల పాటు ఒంటికి తగిలించి గుండె లయను నమోదు చేసే హోల్టర్ చూసి గానీ మళ్లీ ట్రాక్ ఎక్కనివ్వరు. అప్పుడు అయిదు వారాల లెక్కే ఉండదు. ఈలోగా కూర్చుని ఉన్నప్పుడు ఛాతీ నొప్పి వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా, చిన్న పనికే ఊపిరి అందకపోయినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.

పరీక్షలన్నీ బాగున్నాయనుకుని ఇక మిగతా సంగతులు చూద్దాం.

మిమ్మల్ని అన్నిటికంటే ఎక్కువ భయపెట్టిన అంకె 176. మీరు పంపిన గ్రాఫ్‌ను కొంచెం దగ్గరగా చూడండి. జాగింగ్ మొదలైన రెండో నిమిషంలో హార్ట్‌రేట్ 139 నుంచి 176కు కొన్ని సెకన్లలోనే ఎగిరింది. అక్కడి నుంచి చివరిదాకా గీత గీసినట్టు 174, 176, 178 మధ్యే ఉంది. ఇప్పుడు అదే పరుగులో కేడెన్స్ గ్రాఫ్ తెరవండి. నిమిషానికి అడుగులు: 174, 176, 178. రెండు గీతలనూ ఒకదాని మీద ఒకటి పెడితే అతుక్కుపోతాయి. ఒకే వేగంతో మెల్లగా పరిగెత్తే మనిషి గుండె అంత తొందరగా 37 పెరిగి అలా బిగుసుకుపోదు. వాచ్ వెనకున్న పచ్చని లైటు చర్మం కింద రక్తం హెచ్చుతగ్గులను చూసి నాడిని లెక్కపెడుతుంది. పట్టీ వదులుగా ఉన్నా, చెయ్యి చల్లగా ఉన్నా, ప్రతి అడుగుకూ చెయ్యి ఊగే కదలికనే నాడి అనుకుంటుంది. మీరు చూసి వణికింది చాలావరకు మీ అడుగుల లెక్క.

ఇంకో సంగతి దీనికి సరిగ్గా తిరగబడి ఉంది. 400లలో 165 దాటలేదని మీరు కొంత ఊరట పడ్డారు. దాన్నీ నమ్మలేం. 70 సెకన్లలో అయిపోయే పరుగులో గుండె ఎక్కినంత తొందరగా చేతి సెన్సర్ ఎక్కదు. అది పైకి చేరేలోగా మీరు ఆగిపోయి ఉంటారు, హార్ట్‌రేట్ దిగడం మొదలై ఉంటుంది. పైన శిఖరం తెగిపోయిన గ్రాఫ్ అది. అంటే భయపడ్డ అంకె తప్పు, ధైర్యమిచ్చిన అంకె కూడా తప్పు. ఛాతీ పట్టేసిన సంగతి ఏ గ్రాఫ్‌లోనూ లేదు.

మరి ఆ పచ్చరంగు? మీ కోచ్ నమ్మింది దాన్నే కాబట్టి దీన్ని వివరంగా చెప్పాలి. రికవరీ స్కోరు ఒకే కొలత కాదు. రాత్రి హార్ట్‌రేట్, హెచ్‌ఆర్‌వీ (ఒక గుండె కొట్టుకూ ఇంకో కొట్టుకూ మధ్య వ్యవధిలో వచ్చే హెచ్చుతగ్గులు), నిద్ర, ఈ మధ్య చేసిన శిక్షణ భారం, ఇవన్నీ కలిపి కంపెనీ తన సొంత సూత్రంతో వండే సంఖ్య. జ్వరం తర్వాత ఆ సూత్రం రెండు చోట్ల దారి తప్పుతుంది. ఒకటి, మీరు రెండు వారాలుగా ఏమీ చేయలేదు గనక శిక్షణ భారం దాదాపు సున్నా. భారం లేదు గనక "బాగా విశ్రాంతి దొరికింది" అని మార్కులు పడతాయి. మంచాన పడి ఉండటానికీ విశ్రాంతి తీసుకోవడానికీ తేడా దానికి తెలియదు. రెండోది ఇంకా ముఖ్యం. చాలా వాచ్‌లు మీ "మామూలు స్థాయి"ని గడిచిన కొన్ని వారాల రాత్రుల నుంచి తీసుకుంటాయి, రోజురోజుకూ దాన్ని జరుపుకుంటూ పోతాయి. ఆ వారాల్లోకి మీ జ్వరం రాత్రులు వచ్చి చేరాయి. జ్వరానికి ముందు మీ హెచ్‌ఆర్‌వీ సగటు 68 మిల్లీసెకన్లు అని రాశారు, ఇప్పుడు 52. వాచ్ మాత్రం "సమతుల్యం" అంటోంది. ఎందుకంటే అది మిమ్మల్ని జ్వరంలో ఉన్న మీతోనే పోలుస్తోంది.

దీనికి విరుగుడు సులువే, ఒక కాగితం, పెన్ను చాలు. ఫోనులో వెనక్కి వెళ్లి జ్వరానికి ముందు నాలుగు వారాలు తెరవండి. జ్వరం బయటపడడానికి ముందు మూడు నాలుగు రోజులు వదిలేయండి. థర్మామీటరులో జ్వరం కనబడకముందే రాత్రి అంకెల్లో దాని జాడ పడే అవకాశముంది. మిగిలిన రాత్రుల్లో మూడు అంకెలు రాసుకోండి: నిద్రలో సగటు హార్ట్‌రేట్, హెచ్‌ఆర్‌వీ, నిమిషానికి ఊపిరి. ఒక్కోదానికి నడిమి విలువ, దాంతో పాటు మామూలుగా ఎంత నుంచి ఎంత వరకు ఊగుతుందన్నది. మీ ఉత్తరం ప్రకారం హార్ట్‌రేట్ 51, అటూ ఇటూ 49 నుంచి 54. ఊపిరి 14. ఇక మీదట మీ మామూలు స్థాయి ఈ కాగితం. వాచ్ ఏ రంగు చూపించినా పోలిక దీంతోనే.

అలా పోల్చినప్పుడు కొన్ని చిక్కులుంటాయి. నెలసరికి ముందు సగం రోజుల్లో రాత్రి హార్ట్‌రేట్ రెండు మూడు పెరగడం, ఒంటి ఉష్ణోగ్రత 0.3 నుంచి 0.5 డిగ్రీలు పెరగడం మామూలే. కాబట్టి ఆ రోజులను పాత నెలలో అవే రోజులతో పోల్చండి. జలుబు మందుల్లో కొన్ని గుండె వేగాన్ని పెంచుతాయి. ఊపిరి బిగిస్తే పీల్చే సాల్బ్యుటమాల్ ఇన్‌హేలర్ వాడినా అంతే. మాట వచ్చింది గనక: ముక్కు దిబ్బడ మందుల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ మూత్రంలో ఒక హద్దు దాటితే పోటీ రోజు డోపింగ్ నిబంధనల కిందికి వస్తుంది. ట్రయల్స్ దగ్గర పడ్డాక ఏ మాత్ర వేసుకున్నా ముందు డాక్టరును ఆ సంగతి అడగండి. హెచ్‌ఆర్‌వీని వేరే పరికరంతోనో స్నేహితురాలితోనో పోల్చుకోవద్దు. కొన్ని పరికరాలు ఆర్‌ఎంఎస్‌ఎస్‌డీ అనే లెక్క వాడతాయి, ఆపిల్ వాచ్ ఎస్‌డీఎన్‌ఎన్ అనే ఇంకో లెక్క చూపిస్తుంది. పేరు ఒకటే, కొలత వేరు.

51 నుంచి 57కు పెరిగిందన్నారే, అది మాత్రం నిజమైన అంకె. నిద్రలో చెయ్యి కదలదు, కాబట్టి వాచ్ అన్నిటికంటే బాగా కొలిచేది అదే. ఆ ఆరు స్పందనల్లో కొంత భాగం కోలుకోవడం ఇంకా పూర్తి కాకపోవడం, కొంత శిక్షణ మానెయ్యడం. మంచాన పడ్డ మొదటి కొద్ది రోజుల్లోనే రక్తంలోని ద్రవ భాగం, అంటే ప్లాస్మా, తగ్గుతుంది. గుండెకు ఒక్కో కొట్టుకు దొరికే రక్తం తగ్గితే, అదే పనికి ఎక్కువ సార్లు కొట్టుకోవలసి వస్తుంది. 1966లో డాలస్‌లో అయిదుగురు ఆరోగ్యవంతులైన కుర్రాళ్లను మూడు వారాలు మంచం మీదే ఉంచి చూశారు. వాళ్ల ఏరోబిక్ సామర్థ్యం, అంటే శ్రమలో ఒళ్లు ఆక్సిజన్‌ను వాడుకోగల శక్తి, నాలుగో వంతుకు పైగా పడిపోయింది. ఏ జబ్బూ లేకుండానే అంత. ఆ తర్వాత శిక్షణతో అది తిరిగి వచ్చింది. మీది కూడా వస్తుంది. కాస్త ఎక్కువ కొట్టుకుంటోందన్న ఒక్క కారణంతో గుండె చెడిపోయిందని అనుకోకండి.

నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తున్నది రెండు రోజుల తర్వాత కూలబడిపోవడం. 400ల మర్నాడు బాగానే ఉన్నారు, ఆ పై రోజు మెట్లెక్కలేకపోయారు. ఆ రాత్రి నిద్రలో హార్ట్‌రేట్ 59, ఊపిరి 16 అని కూడా రాశారు. దాదాపు మూడు వారాలు ఇంటర్వెల్స్ (మధ్యమధ్య ఆగుతూ చేసే వేగపు పరుగులు) లేని కాళ్లకు ఆరు 400లు మామూలుగానే ఎక్కువ, కండరాల నొప్పి రెండో రోజుకే ముదురుతుంది. అదొక్కటే అయితే విచారించాల్సిన పని లేదు. కానీ వైరస్ జ్వరాల తర్వాత కొందరికి వేరే రకం అలసట వస్తుంది. శ్రమ చేసిన 12 నుంచి 72 గంటల లోపు, చేసిన పనికి పొంతన లేనంతగా మనిషి కుప్పకూలుతుంది. తల మొద్దుబారుతుంది, ఎంత నిద్రపోయినా తేటపడదు. దీన్ని శ్రమ తర్వాతి నీరసం అని గుర్తుపెట్టుకోండి. తేడా తెలుసుకోవడానికి గుర్తు ఇది: కాళ్లు పట్టేసినా మాట, చదువు, ఆలోచన మామూలుగా ఉంటే కండరాల సంగతి. చిన్న నడకకు కూడా రెండు రోజుల తర్వాత ఇదే తంతు మళ్లీ జరిగితే ఇది ఆ రెండో రకం. అప్పుడు రోజురోజుకూ కొంచెం కొంచెం పెంచే పద్ధతి మేలు చేయదు, కీడు చేస్తుంది. వాచ్‌ను అప్పుడు తక్కువ హద్దు దాటకుండా ఉండటానికి మాత్రమే వాడుకోవాలి, డాక్టరు పర్యవేక్షణలో.

ఇంట్లోనే చేసుకోగలిగిన ఒక పరీక్ష ఉంది, డాక్టరుకు కూడా పనికొస్తుంది. పక్కన ఒక మనిషిని ఉంచుకోండి. పొద్దున్నే పది నిమిషాలు వెల్లకిలా పడుకుని హార్ట్‌రేట్ రాసుకోండి. లేచి గోడకు ఆనుకుని కదలకుండా పది నిమిషాలు నిలబడండి, నిమిషానికోసారి అంకె రాయండి. మొదటి నిమిషంలో ఎగరడం లెక్కలోకి రాదు. ఆ తర్వాత కూడా పడుకున్నప్పటి కంటే 30 లేదా అంతకు మించి ఎక్కువగా ఉండిపోతే, తల తేలిపోతుంటే, ఆ కాగితం డాక్టరుకు చూపించాల్సిందే. కళ్లు బైర్లు కమ్మితే పది నిమిషాల కోసం పంతం పట్టొద్దు, వెంటనే కూర్చోండి.

పరుగుకు తిరిగి వచ్చేటప్పుడు వాచ్ ఒక్కటే చాలదు. ఛాతీకి కట్టుకునే స్ట్రాప్ తీసుకోండి. అది లైటుతో కాదు, గుండె పుట్టించే విద్యుత్తుతో లెక్కపెడుతుంది కాబట్టి అడుగుల లెక్కను నాడి అనుకోదు. రొమ్ముల కింద బిగుతుగా కట్టుకోండి, కట్టే ముందు లోపలి పట్టీలను నీళ్లతో తడపండి. పొడిగా ఉంటే మొదటి పది నిమిషాలు పిచ్చి అంకెలు చూపిస్తుంది. పని అయ్యాక చెమట ఉప్పు పోయేలా కడిగి, సెన్సర్‌ను పట్టీ నుంచి విడదీసి పెట్టండి, లేకపోతే బ్యాటరీ ఊరికే అయిపోతుంది. అప్పటిదాకా వాచ్‌తోనే నెట్టుకురావాలంటే, మణికట్టు ఎముకకు రెండు వేళ్ల పైన, మామూలు కంటే ఒక రంధ్రం బిగించి కట్టుకోండి.

హద్దు ఎక్కడ పెట్టాలి? 220 లోంచి వయసు తీసేస్తే మీకు 198 వస్తుంది. ఆ సూత్రం ఒక్కో మనిషికి పది పన్నెండు అటూ ఇటూ అవుతుంది, దాన్ని వాడకండి. నిరుడు పోటీ చివర్లో స్ట్రాప్‌తో 194 చూశామన్నారు కదా, మీ గరిష్ఠం అదే అనుకుందాం. అందులో 70 శాతం 136, 80 శాతం 155. వాచ్‌లో పై హద్దు అలారం పెట్టుకోండి, మొదటి వారం 136 దగ్గర. అలారం కొడితే నడకలోకి దిగండి, 120కి వచ్చాక మళ్లీ మొదలుపెట్టండి. మొదట్లో సగానికి సగం నడకే అవుతుంది. ట్రాక్ మీద తోటివాళ్లు దాటుకుంటూ పోతుంటే అలా నడవడం ఎంత మనసుకు కష్టమో తెలుసు. అందుకే ఈ రెండు వారాలూ ట్రాక్‌కు వెళ్లకండి, వేరే దారిలో ఒంటరిగా చేయండి.

శ్రమను మెట్టు మెట్టుగా పెంచే వరసకు ఒక నమూనా ఉంది. కోవిడ్ తర్వాత ఆటకు తిరిగి రావడానికి 2020లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో వచ్చిన పద్ధతి అది. ముందు 70 శాతం లోపల 15 నిమిషాలు. తర్వాత 80 శాతం లోపల 30, 45, 60 నిమిషాలు. ఆ పైన మామూలు శిక్షణ, చివరికి పోటీ. అందులో ఒక్కో మెట్టుకు ఒకటి రెండు రోజులే చెప్పారు, అవి కనీసం అని కూడా చెప్పారు. మీకు మాత్రం ఒక్కో మెట్టుకు మూడు రోజులు పెట్టమంటాను. మీ ఒళ్లు బదులు చెప్పింది రెండో రోజున. మర్నాడే పై మెట్టు ఎక్కితే, కిందటి మెట్టు సంగతి తెలియకముందే ఇంకో బరువు పడుతుంది. కాబట్టి మెట్టు ఎక్కిన రోజు పరుగు, రెండో రోజు నడక, మూడో రోజు అదే మెట్టు మళ్లీ. నాలుగో రోజు పొద్దున కాగితం చూసి నిర్ణయం.

ఆ నిర్ణయానికి నేను పాటించమనే లెక్క ఇది. రాత్రి హార్ట్‌రేట్ మీ 51కి మూడు లోపల ఉండి, ఊపిరి 15 దాటకుండా, మెలకువ వచ్చేసరికి ఒళ్లు తేలిగ్గా ఉంటే పైకి. నాలుగు నుంచి ఆరు ఎక్కువగా ఉంటే అదే మెట్టు మళ్లీ. ఏడు అంతకు మించి ఉన్నా, ఊపిరి ఒక్కసారిగా రెండు పెరిగినా, అంకెలతో పని లేకుండా ఒళ్లు వద్దంటున్నా రెండు రోజులు ఆగి, కింది మెట్టు నుంచి. మీరిప్పుడు 57లో ఉన్నారు. అంటే ఇవాళ మొదలుపెట్టినా మొదటి మెట్టు మీదే కొన్నాళ్లు ఉంటారు. హెచ్‌ఆర్‌వీని ఒక్క రాత్రి చూసి ఏదీ తేల్చకండి, ఏడు రాత్రుల సగటు చూడండి. ఒక్కోసారి జబ్బు తర్వాత అది మామూలు కంటే బాగా ఎక్కువగా కూడా వస్తుంది. అది కూడా ఇంకా కుదుటపడలేదనే.

ఇక్కడ ఒక నియమం ఖచ్చితంగా పాటించండి. అంకెలు వద్దన్నప్పుడు ఆగండి. అంకెలు సరే అన్నా ఒళ్లు వద్దంటే అప్పుడూ ఆగండి. ముందుకు పోవాలంటే రెండూ సరే అనాలి. మీరు అడిగిన "వాచ్ మాటా, ఒంటి మాటా" అన్న ప్రశ్నకు నా జవాబు ఇదే: ఆపే హక్కు ఇద్దరికీ ఉంది, పంపే హక్కు ఏ ఒక్కరికీ విడిగా లేదు. ఒంటి మాట వినడానికి ఒక పద్ధతి ఉంది. పొద్దున లేవగానే వాచ్ చూడకముందు కాగితం మీద మూడు మాటలకు పదికి ఎంతో వేయండి: నిద్ర, కాళ్లు, ఉత్సాహం. వాచ్ చూశాక రాస్తే అది మీ మాట కాదు, వాచ్ మాట. పరుగయ్యాక అరగంటకు, ఎంత కష్టమనిపించిందో పదికి వేసి నిమిషాలతో హెచ్చించండి. 30 నిమిషాలు, కష్టం 3 అయితే 90. వారం మొత్తం కూడితే మీ శిక్షణ భారం. ఏ సెన్సరూ లేకపోయినా ఈ లెక్క నమ్మదగినదే.

వారానికోసారి ఒకే దారిలో, ఒకే వేళకు, ఒకే వేగంతో 20 నిమిషాలు పరిగెత్తి చివరి పది నిమిషాల సగటు హార్ట్‌రేట్ రాసుకోండి. ఇది మూడో మెట్టు దాటాకే. అంకె వారం వారం దిగుతుంటే తిరిగి వస్తున్నారు. వాచ్ చూపించే విఓటూ మాక్స్ (ఏరోబిక్ సామర్థ్యం) అంచనాను ఈ నెల పట్టించుకోవద్దు, తప్పుడు హార్ట్‌రేట్‌తో అది ఇప్పటికే పాడై ఉంటుంది.

ట్రయల్స్ సంగతి. మీ ముందు మూడు దారులున్నాయి.

మొదటిది, ఎలాగైనా పరిగెత్తడం. లెక్క వేయండి: 35 రోజుల్లో పరీక్షలకు వారం పోతుంది, నడక, నాలుగు మెట్లూ ఒక్కటి కూడా జారకుండా ఎక్కితే దాదాపు రెండు వారాలు. మిగిలేది రెండు వారాలు. అందులో పోటీ వేగంతో చేయగలిగే సెషన్లు మూడో నాలుగో. ప్రారంభ గీత దగ్గర నిలబడగలరు, మీ ఉత్తమ సమయం మాత్రం రాదు. గుండె, ఊపిరి తొందరగా తిరిగి వచ్చినా పిక్కలు, మడమ వెనక స్నాయువులు అంత తొందరగా రావు. స్పైక్స్ (ట్రాక్ మీద వేసుకునే మేకుల బూట్లు) వేసుకున్న మొదటి వారంలోనే అవి పట్టేసే ప్రమాదముంది.

రెండోది, ఇప్పుడే వదులుకోవడం. డాక్టరు కాగితంతో నిర్వాహకులకు రాసి, ఆరోగ్య కారణంతో తర్వాత అవకాశం ఇచ్చే నిబంధన ఉందేమో ఇప్పుడే అడగాలి. ట్రయల్స్ అయిపోయాక అడిగితే ఎవరూ వినరు. ఒక సీజన్ పోయినట్టు అనిపిస్తుంది, ఏడుపొస్తుంది. కానీ తొందర లేకుండా కోలుకుంటారు.

మూడోది, ఒక తేదీ పెట్టుకోవడం. ట్రయల్స్‌కు 13 రోజుల ముందు రోజును ఎంచుకోండి. ఆ రోజుకు 60 నిమిషాల మెట్టు దాటి, రాత్రి హార్ట్‌రేట్ ఏడు రాత్రుల సగటు 54 లోపలికి వచ్చి, మధ్యలో ఒక్కసారి కూడా రెండో రోజు కూలబడకుండా ఉంటే వెళ్తారు. మూడింటిలో ఏది తప్పినా వెళ్లరు. నాకు ఇదే మేలనిపిస్తోంది. కానీ ఈ షరతులను మీరు, కోచ్ ఇద్దరూ ఇవాళే రాసుకుని సంతకం పెట్టుకోవాలి. ఆ రోజు వచ్చాక ఆశ మాట్లాడుతుంది. 56 వస్తే "దాదాపు 54 కదా" అంటుంది. మీ ఉత్తరం చదివితే, రెండో దారిలో వెళ్లడానికి కూడా నిర్వాహకులకు ముందే రాసి పెట్టుకోమని చెప్పాలనిపిస్తోంది.

మీ కోచ్ చెడ్డ ఉద్దేశంతో అన్నారని నాకు అనిపించడం లేదు. ఆయనకు కనబడింది ఒక పచ్చ చుక్క. ఛాతీ పట్టేసిన సంగతి ఆయనకు మీరు చెప్పలేదు. ఇవాళే చెప్పండి. "సార్, వాచ్ స్కోరు జ్వరం రాత్రులతో పోల్చి వస్తోంది, అందుకే పచ్చగా ఉంది. అయిదో 400లో గుండె తడబడింది. డాక్టరు చూసేదాకా పరిగెత్తను. ఆ తర్వాత ఈ కాగితం ప్రకారం వెళ్దాం" అని ఇంతే చాలు. ఫోనులో షేరింగ్ సెట్టింగులు కూడా మార్చుకోండి. పరుగు వివరాలు, మీరే రాసే మూడు మార్కులు ఆయనకు చాలు. నిద్ర, నెలసరి, రాత్రి అంకెలు ఆయనకు నేరుగా వెళ్లనక్కర్లేదు. పూర్తిగా ఆపేస్తే దాస్తున్నావా అన్న అనుమానం వస్తుంది, కాబట్టి ఏవి ఎందుకు ఆపుతున్నారో చెప్పి ఆపండి. మీ అమ్మగారి మాటలో కూడా నిజముంది, ఆవిడకు కనబడుతున్నది రోజంతా మణికట్టు వైపే చూసే కూతురు. వాచ్ పడెయ్యక్కర్లేదు. నోటిఫికేషన్లు, స్కోర్లు చూపించే తెర తీసేయండి. పొద్దున మీ మూడు మార్కులు రాశాక ఒక్కసారి, పరుగు సమయంలో అలారం కోసం, అంతే. నిద్ర కొలత మీద బెంగతోనే నిద్ర చెడగొట్టుకునే వాళ్ల గురించి 2017లో పరిశోధకులు ఒక పేరు కూడా పెట్టారు, ఆర్థోసోమ్నియా అని. వారం ప్రయత్నించినా చూడకుండా ఉండలేకపోతే రాత్రుళ్లు వాచ్ తీసేసి నిద్రపోండి. కొన్ని అంకెలు పోతాయి, పోనివ్వండి. వేళ్లతో మణికట్టు పట్టుకుని నిద్ర లేవగానే 60 సెకన్లు లెక్కపెట్టుకుంటే మీ పనికి సరిపోతుంది.

డాక్టరు దగ్గరికి నలభై స్క్రీన్‌షాట్లు తీసుకెళ్లకండి, చూసే తీరిక వాళ్లకు ఉండదు. ఒక్క పేజీ రాయండి. జ్వరం మొదలైన తేదీ, ఎన్నాళ్లుంది, వేసుకున్న మందులు. ఏ రోజు ఎన్నో 400లో ఛాతీ పట్టేసింది, ఎన్ని క్షణాలు, అప్పుడు తల తిరిగిందా, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండె జబ్బు గానీ ఆకస్మిక మరణం గానీ ఉందా. జ్వరానికి ముందు, ఇప్పుడు రాత్రి హార్ట్‌రేట్. నిలబడే పరీక్ష పది అంకెలు. రెండో రోజు కూలబడిన సంగతి రెండు వరసల్లో. ఛాతీ సంగతి అన్నిటికంటే పైన రాయండి, చివర్లో కాదు.